ఎడమకి తిప్పి చూశారా?

కరెంటు మాస్టారి షాపులో పక్క గోడలు రెండూ పెచ్చులూడి ఉంటాయి. వాటిని ఆయన పట్టించుకోరు. వెనక గోడకి మాత్రం ఏటా దగ్గరుండి సున్నం వేయిస్తారు. మోటార్ సైకిల్ హెడ్‌లైటు బాగుచేశాక, నేల మీద గీసిన గీత దగ్గర ముందు చక్రం ఆనించి, పట్టపగలైనా సరే షట్టర్ కిందికి లాగేసి, ఆ తెల్లగోడ మీద వెలుగు ఎలా పడుతోందో చూస్తారు. వెలుగు అంచుల్ని సుద్దముక్కతో గుర్తు పెట్టుకుంటారు. ఆ పరీక్ష అయ్యేదాకా బండి బయటికి పోదు. కనీసం ఊళ్ళో అందరూ అలాగే అనుకుంటారు.

ఆ మధ్యాహ్నం గీత దగ్గర నిలబడ్డది పరాయి బండి కాదు, కూతురిది. సెకండ్ హ్యాండ్‌లో కొని పది రోజులైంది. నీలం రంగు వాసన ఇంకా పోలేదు. చీకటి పడే వేళకి క్లినిక్కులన్నీ తిరిగి రక్తం శాంపిళ్ళు పోగుచేసి ల్యాబుకి చేర్చడం ఆ పిల్ల ఉద్యోగం. ఈ పది రోజుల్లో రెండుసార్లు నడిరోడ్డు మీద లైటు ఆరిపోయింది.

"ఉన్నట్టుండి కళ్ళకి గంతలు కట్టేసినట్టుంది నాన్నా. ఇంకోసారి అలా అయితే నీకు కూతురు మిగలదు."

"నోరు మూసుకో. ఆ రంగు పూసి అమ్మినవాడి పని నేను పడతా."

"వాడి పని తర్వాత. ఆరింటికి వస్తా, బండి కావాలి. ఇవాళ కూడా రానంటే ఉద్యోగం ఊడుతుంది."

మాస్టారికి పుట్టుకతోనే అనుమానం ఎక్కువ. బల్బు డబ్బా మీద సీలు ఉన్నా నమ్మరు, వెలిగించి చూడాల్సిందే. బండి అమ్మినవాడిని అనుమానించారు, ఫ్యూజుని అనుమానించారు, స్విచ్చుని అనుమానించారు. కూతురే బండిని వానలో తడిపేసి చెప్పడం లేదేమోనని కాసేపు ఆ పిల్లనీ అనుమానించారు. జీవితంలో ఆయన అనుమానించనిది ఒక్క తన చేతినే.

షట్టర్ లాగి తాళం తిప్పారు. గోడ మీద గుండ్రంగా వెలుగు పడింది. దాని మధ్యలో బొటనవేలంత నల్లటి మచ్చ. అద్దానికి పురుగు అంటుకుందనుకుని గుడ్డతో తుడిచారు. పోలేదు. ఎందుకైనా మంచిదని దాని చుట్టూ సుద్దతో గీత గీసి, బల్బు మార్చారు.

మళ్ళీ వేస్తే మచ్చ జానెడైంది.

"ఇదేం రోగంరా బాబూ," అని పైకే అన్నారు. ఒంటరిగా పనిచేసేవాళ్ళకి బండ్లతో మాట్లాడటం అలవాటు. రెండో మచ్చ చుట్టూ కూడా గీత గీశారు. గీస్తుంటే చెయ్యి కాస్త నెమ్మదించింది. ఆ గీతకి భుజాలున్నాయి.

పని మీద మనసు పెట్టారు. హ్యాండిల్ కుడివైపు తిప్పితే లైటు వెలిగింది. ఎడమవైపు పూర్తిగా తిప్పితే ఆరింది. మళ్ళీ కుడికి, వెలిగింది. ఇంకేముంది, దొంగ దొరికాడు. హ్యాండిల్ తిరిగే మెడ దగ్గర ఏదో వైరు లాగబడి అతుకు వదిలేస్తోంది. ఆయన హెడ్‌లైటు డోమ్ విప్పి, లోపలి వైర్ల గుత్తి బయటికి లాగారు.

అతుకు కనిపించింది. నల్ల టేపు, దాని మీద మూడు చుట్లు పసుపు దారం.

మాస్టారు ఆ దారాన్ని వేలితో తడిమి చూశారు.

టేపు ఊడకుండా పైన దారం చుట్టడం వాళ్ళమ్మ కుట్టుమిషను దగ్గర కూర్చుని ఆయన నేర్చుకున్న పద్ధతి. ఇంకెవరూ అలా చుట్టరు. ఆయనకి బండి నంబర్లు గుర్తుండవు, తను వేసిన అతుకులు గుర్తుంటాయి. ఈ నీలం రంగు కింద ఉన్నది నలుపు. ఈ బండి గడియారాలు బాగుచేసే ఆయనది.

నాలుగేళ్ళ కిందటి మాట. గడియారాలాయన ప్రతిదీ రెండుసార్లు అడిగే మనిషి. మాట్లాడుతూ గోటితో దేన్నో ఒకదాన్ని టిక్ టిక్‌మని తడుతుండేవాడు. హ్యాండిల్ తిప్పితే లైటు ఆరుతోందని ఆయన బండి తెచ్చిన రోజు మాస్టారికి ఇంటికి పోయే తొందర. షట్టర్ వెయ్యలేదు, గోడ మీద వెలుగు చూడలేదు, హ్యాండిల్ తిప్పలేదు.

"ఎడమవైపు పూర్తిగా తిప్పి చూశారా మాస్టారూ?" హెడ్‌లైటు అద్దాన్ని గోటితో తడుతూ అడిగాడాయన.

"చూశాలెండి."

"తిప్పి చూశారా?"

"చూశానంటున్నాగా!"

మూడో రోజు రాత్రి చెరువు పక్క మలుపులో గడియారాలాయన కల్వర్టుని గుద్దుకుని పోయాడు. ఆ మలుపు ఎడమవైపుది. నిద్రమత్తులో గుద్దేశాడని అందరూ అన్నారు. మాస్టారు కూడా తలూపారు. బండి పాత ఇనుముకి పోయిందని విని ఆ పూట ప్రశాంతంగా భోంచేశారు. ఇన్నాళ్ళూ ఆ సంగతి భార్యకి కూడా చెప్పలేదు.

పాత అతుకు కోసేశారు. కొత్త వైరు వేసి, సీసంతో అతికి, మెడ చుట్టూ తిరిగేందుకు కాస్త వదులు వదిలి కట్టారు. దారం మాత్రం చుట్టలేదు. డోమ్ బిగించి, సీటు మీద కూర్చుని, తాళం తిప్పారు.

సగం గోడ నల్లగా ఉంది.

తల. మెడ. పక్కకి వాలిన భుజాలు. గోడకీ బండికీ మధ్య ఎవరూ లేరు... ఉత్త నేల. గోడ మీద నీడ మాత్రం ఉంది. షాపులో గ్రీజు వాసన పోయి చెరువు నాచు వాసన వేస్తోంది.

టిక్... టిక్.

హెడ్‌లైటు అద్దం మీదే.

మాస్టారు కదల్లేదు. చెవి పక్కన కాదు, ఎదురుగా... దీపం అవతలి నుంచి గుసగుసగా వినిపించింది.

"తిప్పి... చూశారా... మాస్టారూ?"

మాస్టారు హ్యాండిల్ ఎడమకి పూర్తిగా తిప్పారు. లైటు ఆరలేదు.

"ఇప్పుడు చూశా," అన్నారు ఏడుస్తూ. "అప్పుడు చూడలేదు. అబద్ధం చెప్పా. నా వల్లే పోయావయ్యా. నా కూతురి జోలికి మాత్రం రాకు..."

నీడ మాయమైంది.

కళ్ళు తుడుచుకుని చూశారు. గోడంతా పాలలా తెల్లగా ఉంది. లైటు వేసి ఆర్పి, మళ్ళీ వేసి పదిసార్లు చూశారు. మచ్చ లేదు. నాలుగేళ్ళుగా గుండెల మీదున్న బండరాయి దిగిపోయినట్టనిపించింది. ఒప్పుకున్నాను, వదిలేశాడు అనుకున్నారు. గడియారాలాయన్ని ఎలా నమ్మారో, ఎప్పుడూ ఎవరినీ నమ్మని మనిషి!

ఆరింటికి కూతురు వచ్చింది. బండి స్టాండు తీసి వెనక్కి లాగబోయి ఆగింది.

"ఇంత బరువుందేంటి నాన్నా? వెనకేమైనా కట్టావా?"

"ఏం లేదులే. టైర్లలో గాలి తగ్గి ఉంటుంది." టైర్లు ఆయన చూడలేదు. చూడకుండానే నోటికొచ్చింది చెప్పేశారు.

పిల్ల వెళ్ళిపోయింది. వీధి చివర కుడికి తిరిగి కనుమరుగైంది. మాస్టారు గోడ తుడుద్దామని తడిగుడ్డ తీసుకున్నారు. సుద్దగీతలు ఒకదాని లోపల ఒకటి ఉన్నాయి. బొటనవేలంత. జానెడు. ఆ పైన గీత గియ్యనిది, సగం గోడ. ఇలా ఎందుకు పెరిగిందో చూద్దామని ఎడమచేత్తో టార్చి వేసి, దాని ముందు కుడిచెయ్యి పెట్టారు. దూరంగా ఉంటే నీడ చిన్నది. టార్చికి దగ్గరయ్యేకొద్దీ పెద్దది. మరి పూర్తిగా పోవాలంటే...

చెయ్యి టార్చి వెనక్కి తెచ్చారు. గోడ తెల్లగా అయింది.

అంటే వెళ్ళిపోలేదు. దీపం దాటి ఇవతలికొచ్చాడు. సీటు దగ్గరికి.

కూతురికి ఫోన్ చేశారు. నాలుగు రింగుల తర్వాత కూతురు ఎత్తింది.

"ఆగు నాన్నా, పక్కకి ఆపాను. లైటు బ్రహ్మాండంగా..."

"దిగు. ఏమీ అడగకు. దిగి దూరంగా నడువు తల్లీ!"

కాసేపు అడుగుల చప్పుడు. తర్వాత పిల్ల గొంతు బాగా తగ్గిపోయింది.

"నాన్నా... కంగారులో స్టాండు వెయ్యలేదు. కానీ బండి పడలేదు. నిలబడే ఉంది."

"దాన్ని చూడకు. నడువు."

"హ్యాండిల్ తిరుగుతోంది నాన్నా... మెల్లగా... ఎడమకి. మళ్ళీ కుడికి. ఎవరో తిప్పి చూసుకుంటున్నట్టు."

ఫోన్లో ఇంజను మోత మొదలైంది. "నాన్నా, అది వెళ్ళిపోతోంది... ఒక్కటే వెళ్ళిపోతోంది!" అని ఏడుపు గొంతుతో అరిచింది. నా బిడ్డ బతికింది, అంతే చాలు అనుకుని మాస్టారు కింద కూలబడ్డారు.

ఫోన్లో ఆ మోత దూరమైపోయింది. కాసేపటికి వీధి చివర వినిపించింది.

బయట చీకటి పడింది. ఇవతలికి రావాలంటే ఆ మలుపులో ఎడమకి తిరగాలి. గోడల మీద తెల్లటి వెలుగు పాకుతూ వచ్చి, మలుపు దగ్గర నిదానించి, పూర్తిగా ఎడమకి తిరిగింది.

లైటు ఆరలేదు.