నీళ్ల గోలి

పొద్దున్నే నేతగాళ్లుండే కొత్తవాడ అంతటా మగ్గాల చప్పుడు మొదలైంది. కట్టమ్మ తన భర్త సారంగపాణి చేతిలో బీపీ గోలీ పెట్టి, గ్లాసెడు నీళ్లిచ్చి, కూరగాయలకని చెప్పి సంచీ పట్టుకుని బయలుదేరింది.

వెళ్లింది మాత్రం హనుమకొండ చౌరస్తాలోని మందుల షాపుకు. అక్కడ ఫార్మసిస్టు ఆమె కూతురు ఇందిరే. కులం కాని రామలింగాన్ని పెళ్లి చేసుకుందని సారంగపాణి కూతురిని గడప తొక్కనివ్వలేదు. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. కూతురు మాత్రం తక్కువ తిన్నదా, పిలిస్తే తప్ప రానంది. మధ్యలో నలిగింది కట్టమ్మ ఒక్కతే.

"బాపు ఎట్లున్నడమ్మా?" ఇందిర మొదటి మాట ఎప్పుడూ అదే.

"బీపీ మల్ల పెరిగిందట. దవాఖానల డాక్టరు పెద్ద గోలీలు రాసిండు."

ఇందిర మందు తీయబోయి ఆగింది. "అమ్మా, బాపు గోలీలు మింగుతాండా?"

"నా చేత్తోనే ఇస్తాన గదనే!"

"ఇచ్చుడు కాదు. మింగంగ చూసినవా?"

గోలీ ఇచ్చాక కట్టమ్మ ఏనాడూ అక్కడ నిలబడలేదు.

"మింగకుంటనే మందు పెంచిండ్రనుకో, ఒక దినం నిజంగ మింగితే మగ్గం మీదనే కండ్లు తిరిగి పడతడు," అంది ఇందిర. యజమానికి చెప్పి తల్లి వెంట నడిచింది.

పుట్టింటి సందు మొదట్లో నిలబడి ఇందిర ఎన్నిసార్లు వెనక్కి వెళ్లిపోయిందో ఆమెకే తెలుసు. వాడంతా మగ్గాలే అయినా బాపు మగ్గం చప్పుడు ఏదో చెవికి తెలిసిపోయేది. అది వినబడితే చాలు, ఆ పూటకు కడుపు నిండినట్టుండేది. ఇవాళ మాత్రం ఆగకుండా గడప దాటింది.

నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి నేస్తున్న సారంగపాణి తలెత్తాడు. పోగుల మధ్య అటూ ఇటూ తిరిగే నాడె ఆగిపోయింది.

"నిన్నెవరు రమ్మన్నరు?"

"ఎవరూ రమ్మనలే. నా దగ్గర మందులు కొనేటోళ్లు మంచిగున్నరో లేదో చూసుకునుడు నా పని."

"నీ దగ్గర నేనెన్నడు కొన్న?" ఆయన భార్య వైపు చూశాడు. కట్టమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఓహో! తల్లీబిడ్డలు కలిసి నన్ను ఆగం జేసిండ్రా!"

"గట్టిగ ఒర్రకు బాపు. బీపీ పెరుగుతది."

"పెరగనియ్! సస్తే మీకు పీడ పోతది!"

ఇందిర కళ్లలో నీళ్లు తిరిగాయి. గుంట పక్కనే నేల మీద కూర్చుంది.

"గోలీ మింగితే ఏమైతాంది బాపు?" మెల్లగా అడిగింది.

ఆ మాట ఇంతవరకూ ఎవరూ అడగలేదు. డాక్టరు వేసుకోమన్నాడు, కట్టమ్మా వేసుకోమంది, అంతే. సారంగపాణి నాడెను చేతిలో అటూ ఇటూ తిప్పాడు.

"అది నీళ్ల గోలి బిడ్డా." బిడ్డా అన్నట్టు ఆయనకే తెలియలేదు. "మింగినంక గడియకోసారి ఒంటికి పోవాలె. మోకాళ్లు పట్టేసినయ్. ఈ గుంటలకెళ్లి ఎన్నిసార్లని ఎక్కి దిగాలె? అందుకని పని దినాలల్ల మింగుత లేను. అమావాస్యకు మగ్గం బందుంటది గద, ఆ దినం మింగుత."

"నెలకొక్కటా!" కట్టమ్మ నెత్తి కొట్టుకుంది.

ఇందిరకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "పొద్దుగాల లేవంగనే వేసుకుంటే, మగ్గం మీద కూసునే యాళ్లకు జర నిమ్మలమైతది. డాక్టరుతోని నేను మాట్లాడి చెప్త. అప్పటిదాక పెద్ద గోలీ ముట్టకు. ఈ ముచ్చట ఆయనకు ఎందుకు జెప్పలే బాపు?"

"అంతమంది ముంగట ఒంటికి పోయే ముచ్చట ఎట్ల జెప్పాలె? నువ్వు ఇంట్ల ఉంటే నీకు జెప్పేటోణ్ని."

ఇందిర ఇక ఆపుకోలేకపోయింది. పిలిచేదాకా రానని తాను పట్టిన పంతానికి బాపు ప్రాణం మీదికొచ్చేది కదా అనుకుంటూ, ఆయన భుజం మీద తల వాల్చి వెక్కి వెక్కి ఏడ్చింది. సారంగపాణి ఆ తల నిమురుతూ ఉండిపోయాడు.

షాపుకు వేళవుతోందని ఆమె లేచి గడప దాకా వెళ్లాక, వెనక నుంచి పిలిచాడు.

"ఇందిరా! అమావాస్యకు మగ్గముండదు. రామలింగాన్ని గూడ తోల్కరా. కూసొని తిందాం."

"అమావాస్య మొన్ననే పోయె గదయ్యా," అంది కట్టమ్మ.

సారంగపాణి నాడెను పక్కన పెట్టేశాడు.

"అయితే రేపు మగ్గం బందు."