నాలుగంగుళాల అబద్ధం

కృపారాణిని నేను మొదటిసారి చూసినప్పుడు ఆమె నా పరువు తీస్తోంది. అది కూడా తల ఎత్తకుండా.

కొత్త పీహెచ్‌డీ స్కాలర్లందరినీ ఒకచోట కూర్చోబెట్టి చెప్పే మెథడాలజీ క్లాసు అది. కొలతల్లో దొర్లే తప్పుల గురించి ఆ రోజు నా సెమినార్. ఫిజిక్స్ వాణ్ణి, మిల్లీమీటర్ తేడా వస్తే అన్నం సహించనివాణ్ణి, వారం రోజులు తయారై వచ్చాను. మూడో వరుసలో ఒక అమ్మాయి ఒళ్ళో ఊలు ఉండ పెట్టుకుని, రెండు సూదులూ టిక్కుటిక్కుమనిపిస్తూ స్వెట్టరు అల్లుకుంటోంది. మార్చి నెలలో. హైదరాబాదులో.

ఆగలేకపోయాను. "మేడమ్, నా సెమినార్ అంత బోరు కొడుతున్నదా?"

"లేదు సార్. చేతులకు పని ఉంటేనే నా చెవులు మంచిగ పనిచేస్తయి." అప్పుడు తల ఎత్తింది. "మీ రెండో స్లైడుల సగటు తప్పున్నది. జర చూసుకోండ్రి."

క్లాసు గొల్లుమంది. చూసుకున్నాను. తప్పే.

ఆ సాయంత్రం ఆర్ట్స్ కాలేజీ దగ్గర గట్టయ్య టీ కొట్టులో ఆమెకు చాయ్ ఇప్పించాను. ఓడిపోయినవాడు చాయ్ పోయించాలని ఆమే రూలు పెట్టింది. సోషియాలజీ స్కాలరట. వాళ్ళ ఊరు మెదక్ దగ్గర. నాయనమ్మ మిషన్ ఆసుపత్రిలో ఆయాగా పనిచేస్తూ, అక్కడ పుట్టిన ప్రతి బిడ్డకూ ఒక టోపీ అల్లి ఇచ్చేదట. ఆమె ఒళ్ళో కూర్చునే ఈమె అల్లిక నేర్చుకుంది. ఇప్పుడు తార్నాకలో మేనత్త ఇంట్లో ఉంటోంది. ఆ అత్తమ్మ పేరు వాసంతి, సర్కారు బడిలో టీచరు.

"నీ రూము ఏడ సామేలూ?"

"అటే. తార్నాక దిక్కే," అన్నాను.

నా రూము అడిక్‌మెట్‌లో. తార్నాక క్యాంపస్‌కు ఒక పక్క అయితే అడిక్‌మెట్ ఇంకో పక్క. ఆ రోజు మొదలు ఏప్రిల్ నెలంతా సాయంత్రాలు ఆమెతో తార్నాక దాకా నడవడం, ఆమె మెట్రో వంతెన కింద రోడ్డు దాటి సందులోకి మలుపు తిరిగాక, వచ్చిన దారినే క్యాంపస్ మొత్తం దాటుకుంటూ వెనక్కి రావడం నా డ్యూటీ అయింది. నా చెప్పులు అరిగిపోయాయి. నాకు మాత్రం దారి చాలేది కాదు.

ఏప్రిల్ ఆఖరి వారంలో ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చున్నప్పుడు ఉన్నట్టుండి సంచిలోంచి టేపు తీసింది.

"జర లేచి నిలబడు."

"ఎందుకు?"

"స్వెట్టరు కొలత."

నా గుండె ఏ వేగంతో కొట్టుకుందో కొలిచే పరికరం మా ల్యాబులో లేదు. ఛాతీ చుట్టూ టేపు తిప్పింది. ఆమె జడలోని మల్లెపూలు నా ముక్కు కింద ఉన్నాయి.

"ఊపిరి వదులు సామేలూ. నేను అల్లేది స్వెట్టరు, బెలూన్ కాదు."

వదిలాను. "ఇంతకూ ఎవరికి?" నాకే అని తెలిసినట్టు, తెలియనట్టు అడిగాను.

"మా ముఖేష్ బావకు. వాసంతి అత్తమ్మ కొడుకు. చండీగఢ్‌ల బ్యాంకుల చేస్తడు. ఆయన ఎత్తు, లావు సేమ్ నీ లెక్కనే ఉంటడని అత్తమ్మ చెప్పింది." అంకెలు చిన్న పుస్తకంలో రాసుకుంటూ చెబుతోంది. "అత్తమ్మ ఎల్టీసీ పెట్టుకున్నది, సర్కారు ఖర్చు మీద టూరు. నన్ను గూడ తోలుకపోతున్నది. ఇరవై రోజులు! ఢిల్లీ, సిమ్లా, కులు, ఆఖరికి బావ దగ్గర. దారి పొడుగునా ఊలు దుకాణాలేనట. గీడ కోఠీల దొరికేదంతా ప్లాస్టిక్ ఊలు. అసలు ఊలు నేను ఇంతవరకు ముట్టనే లేదు తెలుసా?"

నాకు ఊలు మాటలేవీ వినిపించలేదు. "మీ అత్తమ్మకు... మీ ఇద్దరికి పెండ్లి చేయాలని ఉన్నదా?"

ఆమె పుస్తకం మూసింది. "ఉన్నది. బావను చూసి ఆరేండ్లయింది. ముందు చూస్త, మాట్లాడుత, అప్పుడు చెప్త అన్న."

అంటూ నా ముఖంలోకి చూసింది. ఆ చూపు నేనేదైనా అంటానేమోనని ఎదురుచూసిన చూపు. ఇప్పుడైతే తెలుసు. అప్పుడు మాత్రం, "మంచిదే కదా," అన్నాను. ఇంత తెలివి నాకు పుట్టుకతోనే వచ్చింది.

అంతలో అత్తమ్మ ఫోన్ చేసింది. కృపారాణి టేపు సంచిలో పడేసి వెళ్ళిపోయింది. చేతుల కొలత అలాగే మిగిలిపోయింది.

మే మూడో వారంలో ఆమె రైలెక్కింది. క్యాంపస్ ఖాళీ అయింది. చెట్ల కింద ఎండుటాకులూ, నేనూ, గట్టయ్యా మిగిలాం.

"సారూ, ఒక్కటేనా చాయ్?" అని అడిగేవాడు రోజూ. పగబట్టినట్టు రోజూ అడిగేవాడు.

ఆమె లేదని తెలిసీ తార్నాక దాకా నడిచేవాణ్ణి. వంతెన కింద ఆమె రోడ్డు దాటే చోట నిలబడి ఫోన్ చూసుకునేవాణ్ణి. మెసేజ్‌లు మాత్రం వచ్చేవి.

"నాగ్‌పూర్. నలభై ఐదు డిగ్రీలు. ఊలు దొరుకుతదా అంటే ప్లాట్‌ఫారం మీద చాయ్ అమ్మేటాయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసిండు."

మర్నాడు ఢిల్లీ. ఒక ఇరుకు సందులో దుకాణం ఫొటో, నేల నుంచి కప్పు దాకా ఊలు ఉండలే. తరువాత నాలుగు రంగుల ఫొటో. ఒకటి దానిమ్మ గింజ ఎరుపు, ఒకటి లేత నీలం, ఒకటి మీగడ తెలుపు. నాలుగోది ఏ రంగని చెప్పను? నిరుడు పెట్టిన చింతకాయ తొక్కు రంగు.

"బావకు ఏది బాగుంటది?" అని అడిగింది.

బావకు. లోపల ఏదో భగ్గుమంది. "నాలుగోది," అని కొట్టాను.

"నిజంగనా?"

"కండ్లు మూసుకొని తీసుకో."

"సరే. నీ మాట మీద ఆరు ఉండలు కొన్న. అన్నిటి మీద ఒకటే లాట్ నంబరు ఉన్నదా లేదా చూసుకొనే కొన్న. వేరే లాట్‌ది అయితే పేరుకు అదే రంగు, పక్కన పెడితే తేడా కొట్టొస్తది."

రైల్లో అల్లింది, బస్సులో అల్లింది. సిమ్లాలో ఎత్తు మీద ఒక చిన్న దుకాణం దొరికిందనీ, దాని యజమానురాలు సూదుల వంక చూడకుండానే అల్లుతూ తనను పోటీకి పిలిచిందనీ రాసింది. "ఓడిపోయిన. చాయ్ నేనే పోయించిన." వెనకభాగం పూర్తయింది. ముందుభాగం పూర్తయింది. చింతకాయ రంగు స్వెట్టరు ఆమె ఒళ్ళో పెరుగుతూ ఒక్కో ఊరూ దాటి బావకు దగ్గరవుతోంది. నేను ఇక్కడ ఎండలో కూర్చుని ఆ ఊళ్ళ వాతావరణం చూసుకునేవాణ్ణి. అక్కడ వాన పడితే ఇక్కడ నాకు చలేసేది.

కులు నుంచి ఫోన్ చేసింది. వెనక నది హోరు.

"సామేలూ, చేతుల కొలత మర్చిపోయిన! భుజం కాడికెళ్ళి మణికట్టు దాకా ఎంతున్నదో చెప్పు, జల్ది."

ల్యాబులో ఉన్నాను. స్టీలు స్కేలు తీసుకుని కొలుచుకున్నాను. ఇరవై నాలుగంగుళాలు. చెప్పబోతుంటే ఫోన్‌లో వాసంతి అత్తమ్మ గొంతు వినిపించింది. "మంచిగ అల్లవే! రేపు లగ్గానికి ముందు ఫొటోలు దిగితే గిదే తొడిగిస్త!"

"ఇరవై," అన్నాను.

"అంతేనా? నీ చేతులు పొడుగ్గ కనిపిస్తయి కద?"

"కనిపిస్తయి. అంతే."

"సరే తియ్యి. ఫిజిక్సోడివి, నీ కొలత ఎట్ల తప్పైతది?"

ఫోన్ పెట్టేశాక నా చేతులు నాకే పరాయివిగా కనిపించాయి. ఆమె నన్ను నమ్మింది. రంగు విషయంలో నమ్మింది, కొలత విషయంలో నమ్మింది. నేను ఆమె కష్టాన్ని పాడుచేశాను. 'ఇరవై కాదు, ఇరవై నాలుగు' అని మూడుసార్లు టైపు చేసి మూడుసార్లూ చెరిపేశాను. చెబితే ఎందుకు అబద్ధమాడావని అడుగుతుంది. దానికి నా దగ్గర ఉన్నది ఒకటే జవాబు. ఆ జవాబు చెప్పే ధైర్యమే ఉంటే ఏప్రిల్‌లోనే చెప్పేవాణ్ణి.

నాలుగో రోజు ధైర్యం చేసి ఫోన్ తీశాను. అప్పటికే ఆమె మెసేజ్ వచ్చి ఉంది. "అయిపోయింది! మిగిలిన ఊలుతోని అత్తమ్మకు మఫ్లర్ కూడ అల్లేసిన. రేపు చండీగఢ్."

ఆ తరువాత ఏమీ లేదు. ఒక రోజు, రెండు రోజులు, ఆరు రోజులు. నా మెసేజ్‌లకు నీలం టిక్కులు పడుతున్నాయి, జవాబు రావడం లేదు.

ఏడో రోజు పోస్టులో ఒక కవరు వచ్చింది. సిమ్లా ముద్ర. ఎప్పుడో వేసింది, తిరిగి తిరిగి ఇప్పటికి చేరింది. లోపల జానెడు ఊలు ముక్క, చిన్న చీటీ. "వాసన చూడు. గొర్రె వాసన. గిదీ అసలు ఊలంటే. నువ్వు గూడ వచ్చి ఉంటే మంచిగుండు."

గొర్రె వాసనకు కళ్ళు చెమర్చిన మగవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే.

జూన్ రెండో వారం అది. ఆ రోజే తొలి వాన కూడా పడింది. సరిగ్గా ఆ మధ్యాహ్నమే మెసేజ్. "ఆర్ట్స్ కాలేజీ. నాలుగింటికి."

తడుస్తూ పరిగెత్తాను. ఆమె వరండాలో స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. కొంచెం నల్లబడింది. ఇరవై రోజులు కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూసి, తీరా ఎదురుపడ్డాక ఆమె ముఖంలోకి చూడలేకపోయాను. ఆమె సంచిలోంచి స్వెట్టరు తీసి నా మీదికి విసిరింది.

"తొడుక్కో."

"కృపా, నేను..."

"ముందు తొడుక్కో."

తొడుక్కున్నాను. ఒళ్ళంతా కొలిచినట్టు సరిపోయింది. చేతులు మాత్రం మణికట్టుకు నాలుగంగుళాల పైనే ఆగిపోయాయి. వానకు వరండాలో చేరిన ఇద్దరు కుర్రాళ్ళు చూసి నోళ్ళు మూసుకుని నవ్వారు.

"చండీగఢ్‌ల బావ గూడ గిట్లనే నిలబడ్డడు," అంది. "అత్తమ్మ నెత్తి పట్టుకున్నది. కొలత ఎవరు చెప్పిన్రే అని అడిగింది. ఫిజిక్స్ స్కాలరు అని చెప్పిన. బావ ఒకటే నవ్వు. ఎందుకు చేసినవ్?"

"తప్పైంది."

"తప్పు గాదు. తప్పైతే అర అంగుళం తేడా వస్తది. నాలుగంగుళాలు అబద్ధం. ఎందుకు?"

వాన పెద్దదైంది. ఇక దాక్కోవడానికి చోటు లేదు. "నీ చేతులతో అల్లింది వేరేవాడు తొడుక్కుంటడని తట్టుకోలేకపోయిన. నువ్వు పోయిన కాడి నుంచి నాకు ఒక్క పూట మనసున పట్టలేదు. నువ్వంటే నాకు ఇష్టం కృపా. కొలత అడిగిన దినమే చెప్పవలసింది. మంచిదే కదా అన్న, గాడిద లెక్క."

ఆమె నా ఒంటి మీది స్వెట్టరు వంక చూసింది.

"రంగు గూడ కావాలనే చెప్పినవా?"

"అవ్. నాలుగింట్ల పాడుది అదేనని."

"పాడుదా?" గిర్రున తిరిగింది. "నాకు అన్నిట్ల ఇష్టమైన రంగే అది! నాకు నచ్చింది నీకెట్ల తెలిసిందా అని ఢిల్లీ సందుల నేను సంబరపడుతుంటే..."

ఆమె పెదవులు బిగించి నవ్వు ఆపుకుంది. తరువాత నెమ్మదిగా చెప్పింది.

"స్వెట్టరు పొట్టిగైనప్పుడు నాకు కోపం రావాలె కద. రాలేదు. పానం నిమ్మళమైంది. బావ మంచోడే. ఎవని కొలత తీసుకున్నవో వానికే ఇయ్యి పిల్లా అని స్వెట్టరు మడత పెట్టి నా చేతికిచ్చిండు. ఆయనకే ముందు అర్థమైంది."

"మరి ఆరు రోజులు జవాబెందుకు ఇయ్యలేదు?"

"నోరు తెరిచి ఒక్క మాట చెప్పక నువ్వు నాకు పెట్టిన శిక్ష ఏప్రిల్ మొత్తం గద. ఆరు రోజులకే అంత పరేషాన్ అయితే ఎట్ల?"

సంచిలోంచి రెండు ఊలు ఉండలు తీసింది. చింతకాయ రంగువే. లేబుల్ చూపించింది. అదే లాట్ నంబరు.

"వాపస్ వచ్చేటప్పుడు ఢిల్లీల ట్రైనుకు మూడు గంటల టైమున్నది. అత్తమ్మను స్టేషన్ల కూర్చోబెట్టి ఆటోల ఉరికిన. ఆ లాట్‌ల ఇవి రెండే మిగిలినయి. ఇంక చేతులు ముందటికి చాపు."

స్వెట్టరు విప్పించి, మణికట్టు పట్టీల ముడులు తెంచింది. ఊడదీసిన ఊలును చిక్కు పడకుండా నా రెండు చేతులకూ చుట్టడం మొదలుపెట్టింది. దోషిని కట్టేసినట్టే ఉంది.

"అత్తమ్మ ఏమన్నది?" భయంభయంగా అడిగాను.

"రెండు రోజులు నాతోని మాట్లాడలేదు. రైలు నాగ్‌పూర్ దాటినంక, ఎవడే ఆ పొట్టి చేతులోడు అని అడిగింది. ఆదివారం చర్చి అయినంక ఇంటికి తోలుకరమ్మన్నది. స్వెట్టరు తొడుక్కొని రావాల్నట."

"జూన్ నెలలనా?"

"అబద్ధాలాడినోనికి ఆ మాత్రం చెమట పట్టాలె." ఊలు చుడుతూనే అడిగింది. "ఇంక ఏమన్న అబద్ధాలున్నయా? ఇప్పుడే చెప్పెయ్యి."

చేతులు కట్టేసి ఉన్నాయి కాబట్టి నిజమే చెప్పాను. "ఒక్కటున్నది. నా రూము తార్నాక దిక్కు కాదు. అడిక్‌మెట్‌ల."

ఆమె చేతులు ఆగలేదు. తల కూడా ఎత్తలేదు, ఆ మొదటి రోజులాగే.

"మొదటి వారమే గట్టయ్య చెప్పిండు. మరి నెల దినాలు నేను అంత మెల్లగ ఎందుకు నడిచిననుకున్నవ్?"

నేను మాట్లాడబోయాను.

"చేతులు దించకు," అంది కృపారాణి. "చిక్కు పడుతది."

వాన తగ్గేదాకా దించలేదు.