సాకేత్ గారి స్టీలు డ్రమ్ము

సుప్రజ ఆ కారులోంచి దిగడం దిలీప్ చూడకుండా ఉంటే బాగుండేది. కానీ తార్నాక చౌరస్తాలో, సన్నటి తుంపరలో, నీలం ప్లాస్టిక్ డ్రమ్ము చంకలో పెట్టుకుని అతను నిలబడిందే ఆమె కోసం.

డ్రైవింగ్ సీట్లోంచి ఒక పొడుగాటి మనిషి దిగి, గొడుగు తెరిచి, ముందు ఆమె తలమీద పట్టాడు. తర్వాత డిక్కీలోంచి, అడుగున ట్యాపు ఉన్న స్టీలు డ్రమ్మును దించాడు. ఆమె ఏదో అంది. అతను నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. దిలీప్ నీలం డ్రమ్మును ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు.

దిలీప్, సుప్రజ యూనివర్సిటీలో మైక్రోబయాలజీ ఎమ్మెస్సీ. పులియబెట్టే ఈస్టు గురించి చదివి చదివి, సొంతంగా బీరు చేసి చూడాలన్న పిచ్చి ఇద్దరికీ పట్టుకుంది. కొత్త సామాను కొనే స్తోమత లేదు. ఎవరికి దొరికిన పాత సామాను వాళ్ళు తెచ్చి, మాణికేశ్వర్ నగర్‌లో దిలీప్ అద్దెగదిలో మొదలుపెడదామనుకున్నారు. బీరు సంగతి దేవుడెరుగు, ఆ వంకతో ఆమె పక్కన కూర్చుని, ఏడాదిగా మింగుతున్న మాట చెప్పేయాలని దిలీప్ ఆశ.

అంతలో నిన్న ఫోన్లో ఆమె, "సాకేత్ గారని ఒకరు డ్రమ్ము ఇస్తానన్నారు" అంది. ఆ 'గారు' దిలీప్‌కు నిద్ర లేకుండా చేసింది. పొద్దున్నే ముషీరాబాద్‌లో పాత సామాన్ల దుకాణానికి పరుగెత్తి, కంటపడ్డ మొదటి డ్రమ్ము కొనేశాడు.

"ఈయనే సాకేత్ గారు," అంది సుప్రజ. "బీరు చేయడం మానేశారట. డ్రమ్మును సగం ధరకే ఇచ్చేశారు."

"హాయ్ బ్రదర్," అన్నాడు సాకేత్. "మొదటి బ్యాచ్ అయ్యాక నాకో గ్లాసు ఉంచండి."

బ్రదరట. దిలీప్ ఏడవలేక నవ్వాడు.

ఆటోలో రెండు డ్రమ్ములూ వాళ్ళిద్దరి మధ్యా కూర్చున్నాయి. గది చేరేదాకా దిలీప్ నోరు విప్పలేదు. చేరాక విప్పిన నోరు మూయలేదు.

"నా డ్రమ్ములనే బీరు చేద్దాం."

"స్టీలుది ఉండగా ప్లాస్టిక్ ఎందుకు?"

"అంత మంచిదైతే ఆయనెందుకు అమ్ముకున్నడు? ఏడనో సొట్ట ఉంటది."

"చూసుకో మరి."

దిలీప్ సెల్లు లైటు వేసి, చెయ్యి పెట్టి తడిమి మరీ వెతికాడు. సొట్ట లేదు, తుప్పు లేదు. మెరిసే అడుగులో తన మొహమే కనిపించింది. అదేమంత ముచ్చటగా లేదు.

ఈలోపు సుప్రజ నీలం డ్రమ్ము మూత తీసి వాసన చూసింది.

"ఇందులో ఆవకాయ పెట్టారు."

"ఏం లేదు. సబ్బు పెట్టి కడిగిన."

"ఆవకాయ వాసన నాకు చెప్తావా? వెల్లుల్లి కూడా వేశారు. ప్లాస్టిక్‌కు పట్టిన వాసన పోదు. లోపలంతా గీతలు. గీతల్లో బ్యాక్టీరియా దాక్కుంటుందని మొన్న సెమినార్‌లో గంటసేపు చెప్పిందెవరు?"

చెప్పింది దిలీపే. కడుపు మండుతున్నప్పుడు చదివిన చదువు గుర్తుకు రాదు.

"సరే, ఆయనదే వాడుకో. నేను మాత్రం దాన్ని ముట్ట."

"ఎందుకు?"

"కారుల తెచ్చిండు. గొడుగు పట్టిండు. సగం ధరకిచ్చిండు. తెల్వనోళ్ళకు ఎవరన్న గట్ల ఇస్తరా?"

"తెలియకపోవడమేంటి? ఆయన నన్ను చూసుకోవడానికి వచ్చాడు."

దిలీప్ సెల్లు లైటు ఆర్పేసి నేలమీదే చతికిలబడ్డాడు.

"మొన్న ఆదివారం పెళ్ళిచూపులు. అమ్మ మమ్మల్ని మాట్లాడుకోమని బాల్కనీలోకి పంపింది. హాబీలేంటని అడిగితే, ఒకప్పుడు బీరు చేసేవాణ్ణి, సామాను అటకమీద పడుందన్నాడు. నాకింకేం వినపడలేదు. అక్కడే బేరం మొదలుపెట్టాను."

"పెళ్ళిచూపులల్ల బేరమా?"

"మరి? చాలాసేపు మాట్లాడుకుంటున్నామని లోపల పెద్దవాళ్ళు మురిసిపోయారు."

"మరి సంబంధం?"

"వద్దన్నాను. ఆయన మనసులో ఇంకెవరో ఉన్నారట, ఇంట్లో చెప్పలేక వచ్చాడు. నేనే కాదన్నానని బతికిపోయాడు. ఆ సంతోషంలోనే సగానికి ఇచ్చాడు."

దిలీప్‌కు ప్రాణం లేచొచ్చింది. కానీ సుప్రజ గొంతు తగ్గింది.

"చిక్కల్లా అమ్మతోనే. ఇంత మంచి సంబంధం ఎందుకు కాదన్నావ్, ఎవరైనా ఉన్నారా అని ఒకటే పోరు. ఈ సాయంత్రం చెప్తానన్నాను. లేరంటే వైజాగ్ సంబంధం ఒకటి సిద్ధంగా ఉంది. ఏం చెప్పమంటావు?"

ఆమె అతని వంక చూడకుండా ట్యాపు తిప్పుతూ, మూస్తూ ఉంది. బయట చినుకులు పెద్దవయ్యాయి. అసూయ వల్ల లోకంలో మంచి జరగడం అరుదు. కానీ ముక్కూమొహం తెలియని ఆ వైజాగ్ వాడి మీద పుట్టిన అసూయే దిలీప్ చేత మాట్లాడించింది.

"ఉన్నడని చెప్పు."

"ఎవరు?"

"నేనే. నువ్వంటే నాకు శానా ఇష్టం సుప్రజా. ఏడాది నుంచి చెప్పాలనుకుంటున్న, ధైర్యం చాలలే."

ఆమె కళ్ళు తుడుచుకుని, నవ్వి, ఫోన్ తీసింది. "అమ్మా, ఉన్నాడు," అంది. అవతల వాళ్ళమ్మ పద్మావతి గారు ఏమన్నారో గానీ, మరుక్షణం ఫోన్ దిలీప్ చేతిలో పెట్టేసింది.

"నమస్తే ఆంటీ."

"ఎన్నాళ్ళ నుంచి బాబూ ఇది?"

దిలీప్ సుప్రజ వంక చూశాడు. ఆమె ఏ సాయమూ చేయలేదు.

"ఇప్పుడే ఆంటీ."

అవతల సొరుగు లాగి పెన్ను వెతుకుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత పద్మావతి గారి గొంతు కాస్త మెత్తబడింది.

"అయితే ఆలస్యం దేనికి? మీ అమ్మగారి నంబరు చెప్పు, రాసుకుంటాను."