కుడివైపు ప్రోగ్రామ్

పుస్తకం అచ్చయి వచ్చిన రోజునే కొత్త టీచరుకు పాత కంప్యూటర్ సార్ మీద నమ్మకం పోయింది.

ఇద్దరూ కలిసి పిల్లల కోసం రాసిన కంప్యూటర్ పుస్తకం అది. ప్రతి లెక్కకూ రెండు ప్రోగ్రాములు. ఎడమవైపు అతనిది, కుడివైపు ఆమెది. ఒకే లెక్క రెండు దారుల్లో ఎలా తేలుతుందో పిల్లలు వరసకు వరస చూసుకోవాలని వాళ్ల ఆలోచన. స్టాఫ్‌రూమ్‌లో కట్ట విప్పి చూస్తే అతని ప్రోగ్రాములు పేజీ వెడల్పునా దర్జాగా పరుచుకుని ఉన్నాయి. ఆమెవి చివరి పేజీల్లో, చీమల బారులా కనబడీ కనబడని అక్షరాల్లో.

క్లాసులో ఒక పిల్ల లేచి అడిగింది. "టీచర్, 'కుడివైపు ప్రోగ్రాముతో పోల్చండి' అని ఉంది. కుడివైపంటే పక్క పేజీయా?"

"కాదమ్మా. కూర్చో."

అసలు వాళ్ల పరిచయమే బోర్డు దగ్గర పేచీతో మొదలైంది. ప్రోగ్రాములో వరస చివర పెట్టే సెమికోలన్ మరిచిపోతే అర మార్కు కోస్తాడని పిల్లలు అతనికి సెమికోలన్ సార్ అని పేరు పెట్టారు. ఆమె చేరిన వారంలోనే అతను లాబ్‌లోకి వచ్చి అడిగాడు.

"నా బోర్డు ఎవరు తుడిచారు?"

"నేనే సార్. సగమే తుడిచాను."

"ఆ సగం మాత్రం ఎందుకు వదిలారో?"

"మీది పక్కనుంటేనే కదా, నా ప్రోగ్రామ్ ఎంత చిన్నదో తెలిసేది."

అతను చాలాసేపు బోర్డు వంక, తర్వాత ఇంకాస్త సేపు ఆమె వంక చూశాడు. ఆ సాయంత్రం వానలో ఒకే గొడుగు కింద బస్టాపు దాకా వాదించుకుంటూ నడిచారు. ఇద్దరూ తడిసి ముద్దయ్యారు. పుస్తకం రాద్దామన్న మాట అక్కడే పుట్టింది. అది సగంలో ఉండగానే పెద్దవాళ్లు మాట్లాడుకున్నారు. పెళ్లికి తేదీ ఒక్కటే మిగిలింది.

పుస్తకం వచ్చిన ఆ రోజు స్కూలు వదిలాక ఆమె లాబ్‌కు వెళ్లింది.

"నావి వెనక్కి ఎందుకు వెళ్లాయి?"

"పేజీ చాల్లేదు. ఎంత ట్రై చేసినా నీది పక్కన నిలబడదే. కిందికి జారిపోతోంది. ప్రెస్సాయన చూస్తే ఒకటే తొందర."

"ఫైల్ తెరవండి."

అతను తెరిచాడు. రెండు ప్రోగ్రాములకూ రెండు పెట్టెలు కట్టి ఉన్నాయి. చూడ్డానికి శుభ్రంగా ఉంటుందని రెండింటి మధ్యా ఒక ఖాళీ లైను వదిలాడు. ఖాళీ లైను కనబడితే, పేజీలు కూర్చే ఆ సాఫ్ట్‌వేర్ కొత్త పేరా అనుకుంటుంది, రెండో పెట్టెను కిందికి దించేస్తుంది. ఆమె ఆ లైను తీసేసింది. పేజీ మళ్లీ తయారైంది. రెండు ప్రోగ్రాములూ ఒకే ఎత్తున పక్కపక్కన నిలబడ్డాయి. ఇరుకు కూడా లేదు.

"ఇంతేనా?" అతను నవ్వబోయాడు.

"ఇంతే. నన్నడిగితే చెప్పేదాన్ని."

"నువ్వు కంగారు పడతావని..."

"నేను కాదు. కొత్త టీచర్ని అడిగి నేర్చుకున్నాడంటారని మీరు కంగారు పడ్డారు."

అతను కాదనలేదు. "మళ్లీ వేయిద్దాం. ఖర్చు నాది. అట్ట మీద నీ పేరే ముందు," అన్నాడు.

"పేరు సంగతి ఎవరడిగారు?"

"మరేంటో చెప్పు. ఏం చేయమంటే అది చేస్తా."

ఆమె గొంతు పెంచలేదు. "ఇద్దరివీ పట్టవనుకున్నారు. సరే. నావి తీసి వెనక పెడదామని తోచింది. మీవి తీసి వెనక పెడదామని ఒక్కసారైనా తోచిందా?"

ఏదో ఒకటి చెబుతాడేమోనని ఆమె ఆగింది. అబద్ధమైనా సరే అనుకుంది. తర్వాత బ్యాగు తీసుకుని బయటికి వచ్చేసింది.

మర్నాటికి అతను పుస్తకమంతా సరిచేసి పంపాడు. ప్రతి పేజీలోనూ ఆమె ప్రోగ్రామ్ ఉండవలసిన చోటే ఉంది. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. దొరికితే బావుండేది.

"ఏమే, వాళ్లు తేదీ అడుగుతున్నారు. ఏం చెప్పమంటావు?" అంది అమ్మ.

"పేపర్లు దిద్దాలమ్మా. తర్వాత చూద్దాం."

"అలిగావా?"

"అలిగితే తీరిపోయేదమ్మా."

పేపర్లు దిద్దడం అయిపోయింది. పిల్లల చేతికి కొత్త పుస్తకాలూ వచ్చాయి. తేదీ అడిగినవాళ్లకు మాత్రం జవాబు ఇంకా వెళ్లలేదు.