పూజ చేసిన రైఫిల్

"గోంగూర ఫ్రెష్‌గా ఉందా?" అని అడిగాడు దివాకర్.

"నిన్నటిది. లోపల చూసుకోండి" అంది కౌంటర్‌లో అమ్మాయి తలెత్తకుండా.

అది కోడ్. నిజానికి గోంగూర ఆ పొద్దున్నే దిగింది, పాపం దాని తప్పేమీ లేదు. దివాకర్ డెట్రాయిట్ పక్కనున్న నోవైలోని ఆ ఇండియన్ గ్రోసరీ చివరిదాకా నడిచి ఫ్రోజెన్ పరోటాల ఫ్రీజర్ హ్యాండిల్‌ని ఎడమవైపు తిప్పాడు. ఫ్రీజర్ మొత్తం పక్కకు జరిగింది. వెనక గదిలో వీరభద్రరావు ఫిల్టర్ కాఫీ తాగుతూ కూర్చున్నాడు. ఊళ్ళోవాళ్ళకి ఆయన ఈ కొట్టు ఓనరు, తెలుగు సంఘం మాజీ ప్రెసిడెంటు. ఆ గదిలో మాత్రం విదేశీ గూఢచారుల్ని పట్టుకునే ఒక ఫెడరల్ యూనిట్‌కి మిషిగన్ చీఫ్. దివాకరూ అంతే. మామూలు రోజుల్లో కార్ల కంపెనీలో వైబ్రేషన్ ఇంజనీరు, కబురొస్తే ఏజెంటు.

గోడమీద స్క్రీన్ వెలిగింది. నలభై దాటిన ఒక స్త్రీ ఫోటో.

"జయంతి. బ్యాటరీ సైంటిస్ట్. కోబాల్ట్ రింగ్ అనే గూఢచారుల ముఠా మన ల్యాబుల్లోంచి డిజైన్లు ఎలా కొట్టేస్తోందో కళ్ళారా చూసింది. నవంబర్ ఆఖర్లో డెట్రాయిట్ కోర్టులో సాక్ష్యం. అది జరిగితే రింగ్ మొత్తం జైల్లో ఉంటుంది. అందుకని ఈవిణ్ణి లేపేద్దామని చూస్తున్నారు."

"ఎలా?"

"హంటింగ్ యాక్సిడెంట్."

ప్లాన్ ఇదీ. నవంబర్ పదిహేనున జింకల వేట మొదలవుతుంది. ఆ పొద్దున ఉత్తర మిషిగన్ అడవుల్లో ఎన్ని తుపాకులు పేలతాయో దేవుడికే ఎరుక. అందులో ఒక గుండు దారితప్పి చెరువు పక్క క్యాబిన్‌లో ఉంటున్న ఆవిడకి తగిలితే, అయ్యో పాపం అంటారు, ఫైలు మూసేస్తారు. అనుమానం రాకూడదంటే స్నైపర్ గన్ పనికిరాదు, షాపులో ఎవరికైనా దొరికే కొత్త హంటింగ్ రైఫిలే వాడాలి. అదీ కొన్నారు. కొని చూస్తే దానికి గురి లేదు! వంద గజాల దూరం నుంచి మూడు గుళ్ళు కాలిస్తే అన్నం కంచమంత మేర పడుతున్నాయట. ఇప్పుడు దాన్ని దారికి తెచ్చేవాడి కోసం వెతుకుతున్నారు.

"ఆ దొరికేవాణ్ణి నేనా సార్?"

"నీ పేరు వాళ్ళ చెవిన వేసింది ఛాయాదేవే."

"అయితే చెడగొట్టి ఇచ్చేస్తాను."

వీరభద్రరావు తల అడ్డంగా ఊపాడు. చెడగొడితే టెస్ట్‌లో తెలిసిపోతుంది, ఇంకొకణ్ణి చూసుకుంటారు. కాల్చబోయేది ఎవరో యూనిట్‌కి తెలియదు, తెలిసింది ఈ రైఫిల్ ఒక్కటే. కాబట్టి నిజాయితీగా బాగుచేసి ఇవ్వాలి, అదే షూటర్ దగ్గరికి దారి చూపిస్తుంది. ఆయన పెసరగింజంత ట్రాకర్ ఒకటి తీసి దివాకర్ అరచేతిలో పెట్టాడు. రైఫిల్ వెనక రబ్బరు ప్యాడ్‌లో దాచాలి.

"ఇంకో మాట. ట్రాకర్ సంగతి ఛాయకి చెప్పకు."

"ఆమె మనమనిషి సార్."

"వాళ్ళూ తమ మనిషనే అనుకుంటున్నారు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడయ్యా. నువ్వు ఈశ్వరుడివి కావు సరికదా, పైగా ప్రేమలో ఉన్నావు."

దివాకర్ ట్రాకర్‌ని జేబులో వేసుకున్నాడు. ఉన్నమాటే మరి.

ఛాయాదేవి అంటే నోవైలో తెలియనివాళ్ళు లేరు. ఆమె పార్టీకి వస్తే మగవాళ్ళు పొట్ట లోపలికి పీల్చుకునేవాళ్ళు, ఆడవాళ్ళు చీర ఎక్కడ కొన్నావని చుట్టూ మూగేవాళ్ళు. ఇంపోర్ట్ బిజినెస్ అని చెప్పేది. రింగ్‌కి కబుర్లు మోసేది, ఆ కబుర్లే యూనిట్‌కీ చేరవేసేది. ఈ మధ్య ఆమె చెప్పిన చోట్ల దాడి చేస్తే ఖాళీ గదులు కనిపించాయి, దాంతో చీఫ్‌కి గుబులు పట్టుకుంది. దివాకర్‌కి మాత్రం ఆమె చేతి ఉప్మా తెలుసు, నిద్రలో పలవరింతలు తెలుసు. నమ్మకానికి ఇంకేం కావాలి?

రైఫిల్ అతని గరాజ్‌కి వచ్చింది. ఛాయ స్టూల్ మీద కూర్చుని చూస్తుంటే పని మొదలుపెట్టాడు. గొట్టానికీ కింది చెక్కకీ మధ్య ఒక డాలర్ నోటు దూర్చి లాగాడు. సగంలో ఇరుక్కుంది. అదే జబ్బు. గొట్టం చెక్కకి తగులుతుంటే పేలిన ప్రతిసారీ ఒక్కోరకంగా వణుకుతుంది. తగిలినచోట గరుకుకాగితంతో రుద్ది నోటు జారిపోయేదాకా తీశాడు. స్క్రూలన్నీ సమానంగా బిగించాడు. నాలుగు రకాల గుళ్ళు తెచ్చి దానికి ఏది ఒప్పుతుందో చూశాడు. తుపాకీకి కూడా తిండి పడాలి మరి. ఒక్కో గుండుకీ మధ్య గొట్టం చల్లారేదాకా ఆగమన్నాడు. ఛాయ అన్నీ అడిగి తెలుసుకుంది. అతనికి చెప్పడమంటే సరదా, ఆమెకి వినడమంటే సరదా.

ఇంతలో దసరా వచ్చింది. ఆయుధపూజ రోజు అపార్ట్‌మెంట్ పార్కింగ్ అంతా కళకళలాడింది. టెస్లాలకీ హోండాలకీ బొట్లు పెట్టారు, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించారు. రింగ్ తరఫున రైఫిల్‌ని కనిపెట్టుకుని ఉండే గ్రెగర్ అనే పొడుగాటివాడు ఈ తతంగమంతా ఫోన్‌లో వీడియో తీసుకున్నాడు. ఛాయ గరాజ్‌లోకి వెళ్ళి రైఫిల్‌ని శుభ్రంగా తుడిచింది. నూనెగుడ్డ గొట్టంలోంచి కూడా లాగింది. చెక్కమీద పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టి, పైన ఒక బంతిపువ్వు ఉంచింది.

మర్నాడు షూటింగ్ రేంజ్‌లో మొదటి గుండు టార్గెట్ మధ్యలో పడకుండా మూడు వేళ్ళ వెడల్పు ఎడంగా పోయింది. దివాకర్ లబోదిబోమన్నాడు. తరవాత గ్రెగర్ సిగరెట్ కోసం బయటికి వెళ్ళినప్పుడు ఛాయకి విషయం చెప్పాడు. కడిగి నూనె పట్టించిన గొట్టంలోంచి మొదటి గుండు పక్కకి పోతుంది. ఆ ఒక్కదాంతో నూనె కాలిపోతుంది, రెండోది సూటిగా తగులుతుంది. వంద గజాల్లో మూడు వేళ్ళయితే మూడు వందల గజాల్లో జానెడు తేడా.

ఛాయ నవ్వింది. "అయితే పూజ చేసిన తుపాకీ మొదటిసారి ఎవర్నీ చంపదన్నమాట."

"మొదటిసారికే" అన్నాడు దివాకర్.

నవంబర్ వచ్చేసరికి ఆ రైఫిల్ మూడు గుళ్ళనీ నిమ్మకాయంత చోటులో పెడుతోంది. ప్యాడ్‌లో ట్రాకర్ దాగుందని తెలియక గ్రెగర్ సంతోషంగా తీసుకుపోయాడు. అదే వారం ఛాయ ప్లెయిన్స్‌బరోలో ఉన్న అక్క దగ్గరికి వెళ్తున్నానంది. గుమ్మం దగ్గర అతని కాలర్ సరిచేసి, ఏదో అనబోయి ఆగిపోయింది. కారులో గ్రెగర్ కూర్చుని ఉన్నాడు. ఎయిర్‌పోర్ట్‌లో దింపుతాడట. వాడే ఎందుకని దివాకర్ అడగలేదు. అడగాల్సింది.

పదిహేనో తారీఖు పొద్దున అడవంతా మంచు. జయంతిని తరలిస్తే షూటర్ రాడని క్యాబిన్‌లోనే ఉంచారు. యూనిట్ మనుషులు వేటగాళ్ళలా ఆరెంజ్ కోట్లు తొడుక్కుని క్యాబిన్ చుట్టూ పరుచుకున్నారు. దివాకర్ చేతిలోనూ ఒక రైఫిల్ ఉంది. ట్రాకర్ చుక్క హైవే దిగేదాకా చక్కగా కనిపించింది. అడవిలోకి మళ్ళగానే ఆరిపోయింది. ఆ చలికి బ్యాటరీ చచ్చింది! బ్యాటరీ సైంటిస్ట్‌ని కాపాడ్డానికి వచ్చి బ్యాటరీ దగ్గరే బోల్తా పడ్డారు.

"జయంతిగారిని లోపలే ఉంచండి" అన్నాడు రేడియోలో.

"ఇప్పుడే వరండాలోకి వెళ్ళారు" అంది అవతలి గొంతు.

నాలుగువైపులా తుపాకులు పేలుతున్నాయి. దివాకర్ మిట్ట ఎక్కి, స్కోప్‌లోంచి ఎదుటి గట్టంతా గాలించాడు. అక్కడ దేవదారు చెట్టు పక్కన ఒక ఆరెంజ్ కోటు బోర్లా పడుకుని ఉంది. కొద్దిగా వెనకగా గ్రెగర్, ఒక చేతిలో బైనాక్యులర్స్, ఇంకో చేతిలో పిస్టల్. పడుకున్న మనిషి ముఖం పక్కకి తిప్పింది.

ఛాయ.

దివాకర్ వేలు ట్రిగ్గర్ మీదే బిగుసుకుపోయింది. చీఫ్ చెప్పింది నిజమేనా? ఉప్మా, పలవరింతలు, కాలర్ సరిచేసిన ఆ చెయ్యి, అంతా నాటకమేనా? కాల్చాలి. కాల్చలేకపోయాడు. ఈలోగా ఆమె కాల్చింది.

వరండాలో జయంతి తల పక్కన, జానెడు దూరంలో, తలుపు చెక్క పగిలింది. ఆవిడ చేతిలో కాఫీ కప్పు కింద పడింది. ఆవిడ మాత్రం నిలబడే ఉంది, షాక్‌లో కదలడం లేదు.

ఛాయ బోల్ట్ లాగి రెండో గుండు ఎక్కించింది. ఆ రైఫిల్ సంగతి దివాకర్‌కి తెలిసినంతగా లోకంలో ఎవరికీ తెలియదు. రెండో గుండు తప్పదు. అతను కళ్ళు మూసుకోకుండా ట్రిగ్గర్ నొక్కాడు.

ఆరెంజ్ కోటు మంచులో ఒరిగిపోయింది. పారిపోబోయిన గ్రెగర్‌ని గట్టు కింద పట్టుకున్నారు.

దివాకర్ పడుతూ లేస్తూ ఆమె దగ్గరికి చేరేసరికి మొదట కనిపించింది రైఫిల్. చెక్కమీద కొత్తగా రాసిన పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు. గొట్టం క్యాబిన్ వైపు లేదు. పూర్తిగా పక్కకి, గ్రెగర్ నిలబడిన దేవదారు చెట్టు వైపు తిరిగి ఉంది. రెండో గుండు వాడికోసం. అతను మంచులో ఆమె పక్కనే కూర్చున్నాడు. మొదటి గుండు ఎందుకు పక్కకి పోయిందని ఒక్క క్షణం ఆలోచించి ఉంటే చాలు. ఆ క్షణమంతా రెండో గుండు గురించే ఆలోచించాడు.

"ఆవిడ బాగానే ఉందా?" అంది ఛాయ.

"ఉంది. మాట్లాడకు, హెలికాప్టర్ వస్తోంది."

"ఆ గ్రెగర్ నా ఫోన్ లాగేసుకున్నాడు. నీకు చెప్పే దారి లేక..." ఊపిరి తీసుకుంది. "పూజ చేశాను దివాకర్. నీకైతే అర్థమవుతుందనుకున్నాను."

హెలికాప్టర్ వచ్చింది. చేతులు కాలాక వచ్చిన ఆకులా వచ్చింది. అప్పటికి దివాకర్ చల్లబడిపోయిన ఆమె చెయ్యి పట్టుకుని గట్టిగా ఏడుస్తున్నాడు. ఏజెంట్లు ఏడవకూడదని ట్రైనింగ్‌లో చెబుతారు. చెప్పినవాణ్ణి తీసుకొచ్చి ఆ మంచులో కూర్చోబెట్టాలి.

గ్రెగర్ అంతా కక్కేశాడు. ఛాయ మీద అనుమానం వచ్చి, రింగే పిస్టల్ చూపించి ఆమె చేత కాల్పించిందట. ట్రక్కులో ఛాయ రైఫిల్‌ని నూనెగుడ్డతో లోపలా బయటా తుడిచి, బొట్టు పెడుతుంటే వాడు అడ్డు చెప్పలేదట. వీళ్ళు కార్లకి కూడా ఇలాగే చేస్తారు, తను వీడియో కూడా తీశానని అన్నాడు. ఖాళీ గదుల సంగతీ తేలింది. రింగ్‌కి ముందే ఉప్పందించింది యూనిట్ హెడ్డాఫీసులోని ఒక పెద్దమనిషి, ఛాయ కాదు. రింగ్ మొత్తం దొరికింది. జయంతి సాక్ష్యం చెప్పింది, చెప్పి కోర్టు మెట్లమీద కూర్చుని ఛాయ పేరు పదేపదే అడిగి తెలుసుకుంది.

పరోటాల ఫ్రీజర్ వెనక గదిలో వీరభద్రరావు కాఫీ గ్లాసు ముందుకి జరిపాడు. ఆయన ఆ వారంలోనే పదేళ్ళు పెద్దవాడైపోయినట్టున్నాడు. ఆమెని అనుమానించమన్నది తానేనని, ఆ పాపం తనదేనని అన్నాడు. వాషింగ్టన్‌లో నీకు మెడల్ ఇస్తామంటున్నారయ్యా, చివరి సెకన్‌లో కుట్ర ఆపింది నువ్వు కాల్చిన గుండేనని రాసుకున్నారు అన్నాడు.

"ఆపింది ఛాయ సార్. నాది ఆ తరవాత పేలింది."

వీరభద్రరావు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఏదో ఒకటి మాట్లాడాలి గనక, ల్యాబ్‌వాళ్ళు ఆ రైఫిల్‌ని టెస్ట్ చేశారని చెప్పాడు.

"షాపు రైఫిల్‌కి ఇంత గురి మేమెప్పుడూ చూడలేదంటున్నారు. ఇలాంటి దాంతో ఆమె మొదటి షాట్ ఎలా మిస్సయిందో వాళ్ళకి బుర్ర బద్దలుకొట్టుకున్నా అర్థం కావట్లేదట."

దివాకర్ చల్లారిపోయిన కాఫీ వైపే చూస్తూ అన్నాడు.

"వాళ్ళ ఇళ్ళల్లో దసరా ఉండదు కదా సార్."