విమానంలో వచ్చే అక్క

ఆ ఉదయం చెల్లెలు అమ్మకు ఒళ్లు తుడిచి పక్కబట్టలు మారుస్తుండగా వీధి తలుపు చప్పుడైంది. అక్క వచ్చింది. అమ్మ మంచం పట్టిన ఈ ఏడాదిన్నరలో ఆమె రావడం ఇది ఆరోసారి.

"విమానంలో సుఖంగా వచ్చావా, పెద్దమ్మాయీ?" అంది అమ్మ.

"కునుకు తీసేలోపే దింపేశాడమ్మా" అంటూ అక్క తన పాత నడుం నొప్పితో గోడ పట్టుకుని మెల్లగా కుర్చీలో కూలబడింది.

చెల్లెలికి ఒళ్లు మండింది. మందులు, పథ్యాలు, విసుగులు అన్నీ తన వంతు. చుట్టపుచూపుగా రెండు రోజులుండి పోయే అక్కను చూస్తేనే అమ్మ ముఖం విప్పారుతుంది.

చెల్లెలి ఉద్యోగం కర్బన ఉద్గారాల సర్వేలో. ఇంటింటికీ తిరిగి కరెంటు ఎంత కాల్చారు, గ్యాసు బండ ఎన్నాళ్లొచ్చింది, దేంట్లో ఎంత దూరం తిరిగారు అని అడగాలి. ఒక్కొక్కరి వల్ల గాలిలో ఎంత కర్బనం కలుస్తోందో తేల్చాలి. జనం సగం మరిచిపోతారు, సగం దాస్తారు. ఆ సంగతి ఆమెకు తెలియనిది కాదు. అయినా నమూనాకని తన ఇంటి ఫారం నింపినప్పుడు దేన్నీ అనుమానించలేదు.

మధ్యాహ్నం అన్నాల దగ్గర ఆ ఫారం అక్క ముందు పెట్టింది.

"ఏంటే ఇది?"

"నీ రాకపోకల పొగ. నేనూ అమ్మా ఏడాదంతా వాడినదానికి మూడింతలు. నువ్వు వెలగబెట్టే రెండు రోజుల సేవకి ఇంత దండగ అవసరమా?"

"దండగంటావా?"

"కాదా మరి? నువ్వెళ్లాక అమ్మ నాలుగు రోజులు ముద్ద ముట్టదు. బతిమాలి తినిపించేది నేను."

అక్క ఆ కాగితం వంక చాలాసేపు చూసింది. "సరేలే, తగ్గిస్తాను" అని కంచం తీసుకుని లేచింది.

తగ్గించడం కాదు, మానేసింది. ఫోను మాత్రం రోజూ చేసేది. తలుపు చప్పుడైతే చాలు, అమ్మ "పెద్దదేనా?" అనేది. కాదని చెప్పడం చెల్లెలికి అలవాటైపోయింది. నాలుగో నెలలో ఒక తెల్లవారుజామున అమ్మ నిద్రలోనే వెళ్లిపోయింది. కబురందిన అక్క మర్నాటికి గాని చేరలేదు. అప్పటికి అంతా అయిపోయింది.

"విమానమెక్కి కూడా ఆఖరి చూపుకి అందలేకపోయావు" అంది చెల్లెలు.

వారం తర్వాత చెల్లెలు ఆఫీసుకు వెళ్లింది. సూపర్‌వైజరు ఆమె ఫారం తీశాడు. "మీ ఇంటి లెక్కే తప్పిందమ్మా. మీ అక్కగారి ఊరికి విమానాలు ఆపేసి ఏడాది దాటింది. ఈ చివరి నాలుగు ప్రయాణాలూ ఎలా రాశారు?"

"ఆవిడ చెప్పింది సార్."

"అదేగా మన తంటా. ఎవరేం చెబితే అది రాసుకోవాల్సిందే" అని ఆయన నిట్టూర్చాడు.

ఇంటికి వచ్చేసరికి అక్క పెరట్లో అమ్మ దుప్పట్లు ఆరేస్తోంది.

"అక్కా, నువ్వు దేంట్లో వచ్చేదానివి?"

అక్క చేతులు ఆగాయి. "మొదట రెండుసార్లు విమానమే. తర్వాత బస్సు. ఇరవై రెండు గంటలు."

"ఆ నడుంతోనా?"

"అందుకే చెప్పలేదు. తెలిస్తే అమ్మ నన్ను రావద్దనేది."

"నాకైనా చెప్పొచ్చుగా."

"నీ నోట్లో నువ్వుగింజ నానదు కదే." అక్క నవ్వబోయింది. నవ్వు రాలేదు. "ఆ రోజు చెప్పేద్దామనే అనుకున్నా. కానీ నువ్వన్నదాంట్లో పొగ మాట ఎలా ఉన్నా, నా వల్ల నీకు చాకిరీ పెరుగుతోందన్నది నిజమేగా. అందుకే మానేశా."

చెల్లెలు అక్కడే గడప మీద కూర్చుని, అమ్మ పోయిన రోజు కూడా ఏడవనంతగా ఏడ్చింది. "నిన్ను అమ్మకి కాకుండా చేసింది నేనే" అంది. అక్క తడి చేతులతోనే ఆమె తల ఒళ్లోకి తీసుకుంది. కాదని మాత్రం అనలేదు. అనలేకపోయింది.

నాలుగు రోజుల తర్వాత అక్క బయలుదేరితే చెల్లెలూ సంచి సర్దుకుంది. వద్దన్నా వినలేదు. బస్సులో కిటికీ సీటు అక్కకిచ్చి, తన శాలువా మడిచి ఆమె నడుం వెనక పెట్టింది. మూడో గంటకే చెల్లెలి నడుం పట్టేసింది. పక్కన అక్క అలవాటైన మనిషిలా కళ్లు మూసుకుని ఉంది. ఇంకా పందొమ్మిది గంటలుంది.