బుట్టకమ్మ సీల

భానుమతి పెసరట్టు తిరగేస్తుంటే ముందు గదిలోంచి మేధ నీరసంగా "అమ్మా, ఇది పోయింది" అంది. పోయింది లాప్‌టాప్. ఛార్జర్ పిన్ను దూర్చే చోట లోపల ఏదో విరిగింది. ఎటు తిప్పినా, ఎంత నొక్కినా దీపం వెలగదు. మేధ హైదరాబాదు కంపెనీలో కొత్తగా చేరి బందరులో ఇంట్లోంచే పని చేస్తోంది. ఉద్యోగం ఖాయం చేసేదీ లేనిదీ ఈ నెలాఖరుకి తేలుతుంది. అలాంటప్పుడు ఆ పిల్ల మొహం ఎలా ఉంటుందో వేరే చెప్పాలా?

తండ్రి దుర్గాశ్రీనివాస్‌కి కూతురంటే ప్రాణం. పెసరట్టు సగంలో వదిలేసి, లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని విజయవాడ వెళ్ళాడు. ఊళ్ళోనే చిలకలపూడిలో ఆయనకి రోల్డ్ గోల్డు నగల కొట్టు, దాని వెనకే చిన్న తయారీ షెడ్డు ఉన్నాయి. జ్వరమొచ్చినా కొట్టు తెరిచే మనిషి ఆ రోజు తాళం వేసి మరీ వెళ్ళాడు.

సాయంత్రం తిరిగొచ్చేసరికి ఆయన మొహం కందగడ్డలా ఉంది. చెప్పులు కూడా విడవకుండా మొదలుపెట్టాడు. కంపెనీ వాళ్ళ సర్వీస్ సెంటర్లో ఏసీ ఉంది, సోఫాలున్నాయి, టై కట్టుకున్న కుర్రాడు నవ్వుతూ మంచినీళ్ళు కూడా ఇచ్చాడు. ఆ చిన్న ముక్క మాత్రం ఇవ్వడట. విడిగా అమ్మరట. లోపలి బోర్డు మొత్తం మార్చాలట, దానికి ఇంచుమించు కొత్త లాప్‌టాప్ ఖరీదవుతుందట. పోనీ బయట కొందామంటే, వేరే వాళ్ళది దీనికి పట్టకుండా కావాలనే అలా తయారు చేశారట. రైల్లో వస్తూ గుడివాడలో దిగి, పాత లాప్‌టాప్‌లు విప్పి ముక్కలు అమ్మే వెంకట్‌ని కూడా అడిగాడు. ఇదే మోడల్ పాడైపోయినది ఎవరైనా తెచ్చి పడేస్తే, అందులోంచి తీసిస్తానన్నాడు వెంకట్.

"అంటే ఎవరిదో ఒకటి చచ్చేదాకా మనం కాచుకు కూర్చోవాలన్నమాట," అని దుర్గాశ్రీనివాస్ కుర్చీలో కూలబడ్డాడు.

అప్పటికే మేధ ముందు ఇంకో లాప్‌టాప్ ఉంది. దివిసీమలో ఉండే స్నేహితురాలు ఏంజెల్, ఫోన్లో మేధ గొంతు విని, ఎన్నాళ్ళకి కావాలని కూడా అడక్కుండా తనది బస్సు కండక్టరు చేతికిచ్చి పంపేసింది. ఏంజెల్ అక్కడ ఓ బడిలో టీచరు. ఆ సంగతి విన్నాక దుర్గాశ్రీనివాస్ మనసు కాస్త చల్లబడింది. "ఈ రోజుల్లో ఎవరిస్తారు? ఆ పిల్లా, ఆ పిల్లని కన్నవాళ్ళూ చల్లగా ఉండాలి," అన్నాడు. మేధ తలెత్తలేదు. భానుమతి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు కాఫీ తాగుతూ కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. కంపెనీకి గట్టిగా ఓ ఫిర్యాదు పంపాలి, అదే కాపీ వినియోగదారుల సంఘానికి కూడా వెయ్యాలి. తను చెప్తాడు, మేధ టైపు చెయ్యాలి. మొదలుపెట్టడమే అదిరేలా పెట్టాడు. కొనేదాకా కాళ్ళు పట్టుకుంటారు, కొన్నాక మొహం చాటేస్తారు అన్నాడు. మేధ టైపు చేసింది. వస్తువు అమ్మినవాడికి దాని బాగోగులు చూసే ధర్మం ఉంటుందన్నాడు. అదీ చేసింది.

"ఇది రాయి. ఒక్క చిన్న ముక్క తమ దగ్గర పెట్టుకుని, అవసరంలో ఉన్నవాడికి లేదు పొమ్మనడం సిగ్గుమాలిన పని."

మేధ వేళ్ళు ఆగిపోయాయి.

"ఏమ్మా, వినపడలేదా?"

"ఇది నా చేత రాయించకు నాన్నా."

భానుమతి కాఫీ గ్లాసులు తీసుకెళ్ళడానికి వచ్చినదల్లా గుమ్మంలోనే నిలబడిపోయింది. కూతురి వంక చూసి, "చెప్పెయ్యవే. ఎన్నాళ్ళు కడుపులో పెట్టుకుని కుములుతావు?" అంది.

ఇక్కడ ఆ కొట్టు సంగతి కొంచెం చెప్పాలి. చెవికి పెట్టుకునే బుట్టకమ్మ ఏళ్ళ తరబడి ఉంటుంది. చెవి వెనక తిప్పి బిగించే సీల మాత్రం తల దువ్వుకునేటప్పుడో, స్నానం చేసేటప్పుడో జారిపోతుంది. సీలే కదా అని విడిగా అమ్మితే కొత్త జత ఎవరు కొంటారు? అందుకని దుర్గాశ్రీనివాస్ విడి సీలలు అమ్మడం మానేశాడు. అంతటితో ఆగలేదు. పక్క కొట్ల సీల తన కమ్మకి పట్టకుండా కాడ మీది మర చుట్లు మార్పించాడు. బల్ల కింద డబ్బాలో సీలలు నిండుగా ఉన్నా, అడిగినవాళ్ళకి "లేవమ్మా" అని చెప్పేవాడు. అమ్మనంటే బతిమాలతారు, లేవంటే వెళ్ళిపోతారు అనేది ఆయన సూత్రం. మేధ సెలవుల్లో కొట్లో కూర్చున్నప్పుడు ఆ కిటుకు నవ్వుతూ నేర్పించాడు కూడా.

మేధ చెప్పడం మొదలుపెట్టింది. ఏంజెల్ పెళ్ళికి బుట్టలు వాళ్ళ కొట్లోనే కొన్నారు. పెళ్ళి ముందురోజు ఒక సీల పోయింది. వాళ్ళమ్మ సౌభాగ్యమ్మ ఎండలో పడి బందరు వచ్చి కొట్లో అడిగింది. స్నేహితురాలి తల్లినని చెప్పలేదు. చెబితే మొహమాటపెట్టినట్టు ఉంటుందని ఏంజెలే వద్దందట. సీలలు లేవని విని, పక్క కొట్లన్నీ తిరిగి, ఎక్కడా పట్టక, ఒట్టి చేతులతో వెళ్ళిపోయింది. కొత్త జత కొనే స్తోమత అప్పుడు వాళ్ళకి లేదు. కాడకి దారం చుట్టి పెళ్ళికూతురి చెవికి కట్టారు.

"చర్చిలో నడుస్తుంటే బుట్ట ఊడి కింద పడింది నాన్నా. పెళ్ళికొడుకు మేనత్త తీసి, అరచేతిలో ఆడించి, ఓహో గిల్టా అంది. అందరికీ వినపడేలా అంది. ఏంజెల్ తల దించేసుకుంది. ఆవిడ చేతిలోంచి నేనే తీసుకున్నాను. వెనక మన కొట్టు గుర్తు ఉంది."

దుర్గాశ్రీనివాస్ కాఫీ గ్లాసు కింద పెట్టాడు. ఆయనకి ముందు కోపమే వచ్చింది. వ్యాపారం అన్నాక సవాలక్ష ఉంటాయని, నీ చదువు, నీ లాప్‌టాప్ ఆ సీలల మీదే వచ్చాయని అనబోయాడు. అది మా కంపెనీ పద్ధతి సార్ అంటూ నిన్న టై కుర్రాడు నవ్విన నవ్వు గుర్తొచ్చి ఆ మాట అనలేకపోయాడు. గురివింద గింజ తన నలుపు ఎరగదంటారు. ఆయన ఇన్నాళ్ళూ ఎరగలేదు.

"నాకు చెప్పొచ్చుగా," అన్నాడు చివరికి.

"ఎలా చెప్పను? భోజనాల దగ్గర ఎవరో పెద్దావిడ, నువ్వెవరమ్మాయివమ్మా అని అడిగింది. బందరు అన్నాను. ఎవరమ్మాయివి అని మళ్ళీ అడిగింది. నేను నీ పేరు చెప్పలేకపోయాను నాన్నా." మేధ ఏడుపు ఆపుకోలేక లోపలికి వెళ్ళిపోయింది.

ఆయన కొట్టుకి వెళ్ళాడు గానీ, ఆ రోజు బేరాలేవీ చెయ్యలేదు. సౌభాగ్యమ్మ మొహం గుర్తు తెచ్చుకుందామని చాలా ప్రయత్నించాడు. రాలేదు. లేవమ్మా అని ఎంతమందితో అన్నాడో, వాళ్ళలో ఆవిడెవరో ఆయనకి తెలియలేదు. తన మీద తనకే రోత పుట్టింది. భానుమతి పంపిన క్యారేజీ విప్పకుండానే ఇంటికి తిరిగొచ్చింది.

ఆదివారం చర్చికని ఏంజెల్ పుట్టింటికి వస్తుంది. ఆ రోజు తండ్రీకూతుళ్ళు బస్సులో దివిసీమ బయల్దేరారు. భానుమతి బందరు లడ్డూ కట్టబోతే ఆయన వద్దన్నాడు, తీపి పెట్టి మరిపించినట్టుంటుందని. చల్లపల్లి దాటారు, మోపిదేవి గుడి దాటారు. దారి పొడుగునా ఆయన జేబులోని పొట్లం తడుముకుంటూనే ఉన్నాడు. మేధ కిటికీలోంచి బయటికే చూసింది. ఇంట్లో ఆ రోజు తర్వాత వాళ్ళిద్దరి మధ్యా అవసరమైన మాటలే నడుస్తున్నాయి.

సౌభాగ్యమ్మ వాళ్ళని చూసి హడావుడి పడిపోయింది. "వందనాలండీ బాబుగారూ, మేధా రామ్మా," అంటూ కుర్చీలు తుడిచి వేసింది. పిల్ల లాప్‌టాప్ గురించే వచ్చారనుకుని, పని అయ్యేదాకా ఉంచుకోమనండి, తొందరేం లేదంది. ఏంజెల్ లోపల్నించి మంచినీళ్ళు తెచ్చి మేధ పక్కన కూర్చుంది. ఆ ఇంట్లో ఒక్కరి మొహంలోనైనా నిష్ఠూరం ఉంటే ఆయనకి కాస్త సులువుగా ఉండేది. లేదు.

"అమ్మాయి పెళ్ళి బుట్టలు ఒకసారి చూపిస్తావా అమ్మా?" అన్నాడు.

ఏంజెల్, మేధ మొహమొహాలు చూసుకున్నారు. సౌభాగ్యమ్మ బీరువాలోంచి చిన్న డబ్బీ తెచ్చింది. ఒక బుట్ట కాడకి ఇంకా దారం చుట్టే ఉంది. ఆయన ఆ దారం విప్పి, పొట్లంలోంచి సీల తీసి తిప్పాడు. ఎన్ని వేల సీలలు బిగించిన చేతులో అవి. రెండుసార్లు జారిపోయింది. మూడోసారికి పట్టింది.

సౌభాగ్యమ్మ మొహం విప్పారింది. పొట్లంలో మిగిలిన సీలలు చూసి, "ఇప్పుడొచ్చాయాండీ ఇవి? పాపం ఆ రోజు మీ దగ్గర లేవుగా. మా అబ్బాయి తోమాసుతో కూడా అదే చెప్పాను. ఉంటే ఇవ్వరా, లేకపోతే ఆయనేం చేస్తారు అని," అంది.

అవునమ్మా అంటే సరిపోయేది. మొన్ననే వచ్చాయి అంటే అందరూ నవ్వుకుని, టీ తాగి, బస్సెక్కేవారు. ఆవిడే దారి చూపించింది. మేధ తండ్రి వంకే చూస్తోంది. ఏంజెల్ పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ పిల్ల ఆయన కళ్ళలోకి అంత నేరుగా చూడలేదు.

దుర్గాశ్రీనివాస్ కుర్చీలోంచి లేచాడు.

"ఆ రోజు కూడా ఉన్నాయమ్మా."

ఆయనే మళ్ళీ అన్నాడు. "డబ్బా నిండా ఉన్నాయి. ఉండీ లేవన్నాను. నీ బిడ్డకి చర్చిలో జరిగిన అవమానం నా మూలంగానే జరిగింది." కళ్ళు తుడుచుకోవడానికి జేబురుమాలు కూడా దొరకలేదు. మేధ లేచి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది.

సౌభాగ్యమ్మ ఆయన చేతిలోంచి బుట్ట తీసుకుంది. ఆవిడ కళ్ళల్లోనూ నీళ్ళు తిరిగాయి. ఆ మండుటెండా, ఆ కొట్లన్నీ తిరగడం గుర్తొచ్చాయో ఏమో. తర్వాత కూతుర్ని దగ్గరికి పిలిచి, తనే ఆ బుట్ట చెవికి పెట్టి, వెనక సీల బిగించి, ఊడుతుందేమోనని ఒకసారి లాగి చూసింది.

"గట్టిగానే ఉంది," అంది.

ఆ తర్వాత ఆయన వైపు తిరిగి, "కూర్చోండి బాబుగారూ. మా వదినది కూడా సీల పోయింది. ఆవిడా మీ కొట్లోనే కొంది. పొట్లంలో ఇంకోటి ఉందా?" అని అడిగింది.

"ఉందమ్మా," అని ఆయన పొట్లం మొత్తం ఆవిడ చేతిలో పెట్టాడు.

టీలు వచ్చాయి. గుమ్మంలో ఎవరో పక్కింటి పెద్దావిడ తొంగిచూసి, ఆ అమ్మాయి ఎవరని ఏంజెల్‌ని అడిగింది. ఏంజెల్ నోరు తెరిచేలోపే మేధ చెప్పింది.

"బందరు అండీ. చిలకలపూడి దుర్గాశ్రీనివాస్ గారమ్మాయిని. ఈయనే మా నాన్న."